వెయిట్ లేని మొగుడు

పెనుకొండలో ఉద్యోగం, హిందూపురంలో కాపురం, ధర్మవరంలో అత్తగారిల్లు. మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయని నన్ను చూసి అందరూ అదృష్టవంతుడంటారు. మూడు స్టేషన్లలోనూ నాకు పై అధికారులే కాచుకుని ఉంటారని వాళ్ళకేం తెలుసు!

ఒక సంగతి ముందే ఒప్పేసుకుంటాను. నేను ఏ పనీ నా చేత్తో చెయ్యను. అట్లాగని ఎగ్గొట్టను కూడా. ఎవరో ఒకర్ని పంపిస్తాను. కాఫీపొడి అయిపోతే మావాణ్ణి పంపిస్తాను. వీధిలో కొళాయి వదిలినారో లేదో చూసి రమ్మని మా పాపను పంపిస్తాను. పక్క గదిలో కళ్ళజోడు ఉంటే దాన్ని వెతకడానికి ఇద్దర్నీ కలిపి పంపిస్తాను. ఆఫీసులో దీన్ని పరిపాలనా దక్షత అంటారు. మా ఆవిడ దీనికి పెట్టిన పేరు వేరే ఉంది. దాన్ని పత్రికలో అచ్చు వెయ్యరు.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా పాప ల్యాప్‌టాప్ ముందేసుకుని తల గోక్కుంటూ ఉంది. ఇంజనీరింగ్ మూడో ఏడు.

"ఏం చేస్తాండావు పాపా?"

"షెల్లు రాస్తాండా నాన్నా. ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో ఇచ్చినారు."

అక్కడ నోరు మూసుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. కానీ నేను 1996లో అనంతపురంలో ఆరు నెలల కంప్యూటర్ కోర్సు చేసినవాణ్ణి. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని, గుళ్ళోకి పోయినట్టు ఏసీ గదిలోకి పోయి, నీలం తెర మీద సీ భాషలో ఫాక్టోరియల్ కనుక్కున్న చేతులివి.

"ఇంతేనా? యాభై లైన్ల పని. ఆదివారం లోపల నేనూ ఒకటి రాసి చూపిస్తా చూడు" అన్నాను.

వంటింటి గడప దగ్గర చింతపండులో గింజలు ఏరుతున్న మా ఆవిడ తల ఎత్తకుండానే అంది: "ఆదివారం ధర్మవరం పోయి చీర తెస్తానన్నారు."

మా బావమరిది కూతురి పెళ్ళికి చీర. అత్తగారి వీధిలోనే మగ్గం ఉన్నాయన నాలుగు చీరలు తీసి పక్కన పెట్టినాడట. వాటిలో ఏది తేవాలో ఆవిడ నాకు అప్పటికి మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ నేను ఊఁ కొట్టాను, ఫోను చూసుకుంటూ.

"దానికేముంది, ఎవర్నైనా పంపిద్దాంలే" అన్నాను.

షెల్లు అంటే ఏమిటో ఆ రాత్రి పాప నాకు చింతపండుతోనే చెప్పింది. హిందూపురం పిల్ల కదా, ఇంకేంతో చెప్తుంది! మా ఊరి మార్కెట్ చింతపండుకు పేరుమోసింది. చింతకాయలో లోపల గింజ, పైన పెంకు. కంప్యూటర్‌లో గింజ కెర్నల్. అసలు శక్తంతా దానిదే గాని మనం నేరుగా దాన్ని కొరకలేం. మన చేతికి తగిలేది పైన పెంకు, అదే షెల్లు. ఈ పేరు పెట్టినాయన లూయీ పూజాఁ అనే ఫ్రెంచివాడు, 1960లలో మల్టిక్స్ అనే సిస్టమ్ కట్టేటప్పుడు. ఆయన చింతకాయ చూశాడని నేననను.

షెల్లు చేసే పని వింటుంటే నాకు నా జాతకం విన్నట్టయింది. అది తెర మీద ఒక డాలర్ గుర్తు పెట్టి కూచుంటుంది. మనం ఒక మాట కొడతాం. ఆ పని అది చెయ్యదు. ఒక పిల్లను కని, ఆ పిల్లను పనికి పంపి, తిరిగొచ్చేదాకా కాళ్ళు చాపుకుని కూచుంటుంది. పిల్ల రాగానే మళ్ళీ డాలర్ గుర్తు. ఇన్నేళ్ళుగా నేను చేస్తున్న సంసారానికి ఒక శాస్త్రం ఉందని తెలిసి ఛాతీ ఉబ్బింది.

పిల్లను కనే పిలుపు పేరు ఫోర్క్. ఒక్క పిలుపుతో ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రాం, రెండవుతుంది. అచ్చు గుద్దినట్టు అవే జ్ఞాపకాలు, రెండూ అదే లైను దగ్గర నిలబడి ఉంటాయి. తేడా అంతా ఆ పిలుపుకు వచ్చే జవాబులోనే. పిల్లకు సున్నా వస్తుంది. కన్నవాడికి పిల్ల నంబరు వస్తుంది. (ఇందులో వింతేమీ లేదు. మా పిల్లలకు నానుంచి ముట్టింది కూడా దాదాపు అంతే. వాళ్ళ ఫీజుల నంబర్లు మాత్రం నాకు తప్పకుండా వస్తాయి.) అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ వగైరాలు 1969లో యూనిక్స్ అనే సిస్టమ్ మొదలుపెట్టారు. వాళ్ళ పాత పీడీపీ-7 యంత్రం మీద ఫోర్క్‌కు సరిగ్గా 27 లైన్లు పట్టిందని రిచీ తర్వాత రాసుకున్నాడు. ఉన్న ఒక్కణ్ణి ఇద్దర్ని చెయ్యడానికి 27 లైన్లు! మా ఆఫీసులో ఉన్న ఒక్క కుర్చీని రెండు చెయ్యాలంటే 27 సంతకాలు చాలవు.

అయితే పుట్టిన పిల్ల కూడా షెల్లే. దానికీ ఏ పనీ రాదు. అప్పుడు ఎగ్జెక్ అనే రెండో పిలుపు. ఇది నాకు పాప చెప్పకుండానే అర్థమైంది, ఎందుకంటే చిన్నప్పుడు జాతరలో చూశాను. పూనకం. ఒళ్ళు అదే, చీర అదే, మెడలో పసుపుతాడు అదే, మాట్లాడేది మాత్రం మన పెద్దమ్మ కాదు, ఎల్లమ్మ. ఎగ్జెక్ కొట్టగానే పిల్ల ఒంట్లోంచి షెల్లు పోయి వేరే ప్రోగ్రాం వచ్చి కూచుంటుంది. ప్రాసెస్ నంబరు కూడా మారదు. తేడా ఏమిటంటే జాతరలో నిమ్మకాయ కోస్తే పూనకం దిగుతుంది. ఇక్కడ దిగదు. ఆ పని ముగిసి ప్రాణం పోవడమే.

రెండు రాత్రులు కూచుని రాశాను. పడక్కుర్చీలో ల్యాప్‌టాప్, పక్కన బొరుగుల గిన్నె. గిన్నె నింపడానికి మావాణ్ణి పంపిస్తూ ఉన్నాను. మూడో రాత్రి మొదటిసారి నా షెల్లు తెర మీద డాలర్ గుర్తు పెట్టింది. ఫైళ్ళ పేర్లు చూపించమని ఎల్ఎస్ అని కొట్టాను. గుర్తు మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత, నాకేమీ సంబంధం లేదన్నట్టు, ఫైళ్ళ పేర్లు వచ్చి ఆ గుర్తు పక్కన పడ్డాయి. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. ముందు నేను తయారు అంటుంది, ఆ తర్వాత పని అవుతుంది.

పాప వచ్చి చూసి నవ్వింది. "వెయిట్ పెట్టలేదు నాన్నా నువ్వు."

వెయిట్ అనేది మూడో పిలుపు. పంపిన పిల్ల పని ముగించి వచ్చేదాకా ఆగడం. నా కార్యక్రమంలో అది లేదు. పంపడం వరకే నా బాధ్యత అనుకున్నాను. కాఫీపొడికి పోయిన పిల్లవాడు వీధి మలుపు దాటకముందే "కాఫీ ఏదీ?" అని నేను వంటింటి వైపు చూసి అరుస్తానే, అదే.

"మీ నాన్నకు వెయిట్ లేదని నేను ఇరవై రెండేళ్ళుగా చెప్తానే ఉండా" అంది మా ఆవిడ లోపలినుంచి. ఆవిడ అన్నది ఏ వెయిట్ అని నేను అడగలేదు.

ఇంతటితో అయిపోలేదు. పాప ఇంకో కిటికీ తెరిచి, నడుస్తున్న ప్రాసెస్‌ల పట్టీ చూపించింది. అందులో నా షెల్లు కన్న పిల్లలన్నీ వరసగా ఉన్నాయి. ప్రతి దాని పక్కనా ఒక ముద్ర, పని అయిపోయింది గాని పోలేదని. వాటిని జాంబీలంటారట.

"చచ్చినాయి గదా, ఇంకా ఎందుకున్నాయి?"

"పని ముగించి, ఫలితం చేతిలో పట్టుకుని నిలబడి ఉంటాయి నాన్నా. కన్నవాడు ఏమైందిరా అని అడిగితే చెప్పి పోతాయి. నువ్వు అడగలా."

ఆ ఫలితం కూడా ఒక అంకె. సున్నా అయితే అంతా సవ్యంగా జరిగినట్టు. వేరే ఏ అంకె వచ్చినా ఎక్కడో తేడా కొట్టినట్టు. ఒకవేళ కన్నవాడు అడక్కుండానే పోతే, అన్నిటికీ పెద్దదైన ఒకటో నంబరు ప్రాసెస్ ఆ దిక్కులేని పిల్లల్ని దత్తత తీసుకుని లెక్క తేలుస్తుంది. మా వంశంలో ఒకటో నంబరు ధర్మవరంలో మా అత్తగారు.

ఇదంతా నేను కళ్ళార్పకుండా వింటున్నప్పుడు మావాడు, ఎనిమిదో తరగతి, బడి సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. సెలవుల్లో సంచి ఎందుకు తగిలించుకున్నాడో తట్టలేదు నాకు. "బొరుగులు అయిపోయినాయిరా" అన్నాను.

వెయిట్ పెట్టాను. అప్పుడు నా షెల్లు బుద్ధిగా నడిచింది, ఎల్ఎస్ బదులు ఎస్ఎల్ కొట్టేదాకా. అలాంటి ప్రోగ్రాం లేదు. ఎగ్జెక్ కుదరలేదు. పూనకం రాని మనిషి ఏం చేస్తుంది? మామూలు పెద్దమ్మగానే ఉండిపోతుంది. నా పిల్ల షెల్లుగానే మిగిలి, తానే ఇంటి యజమాని అయినట్టు తెర మీద డాలర్ గుర్తు పెట్టుకుని కూచుంది. అసలు షెల్లేమో వెనకాల దాని కోసం ఎదురుచూస్తూ ఉంది. నాకు తెలియదు. ఇంకోటి తప్పు కొట్టాను. ఆ పిల్లకు ఇంకో పిల్ల. చివరికి బయటికి పోదామని ఎగ్జిట్ కొడితే పోదే! ఆరుసార్లు కొట్టాల్సి వచ్చింది, ఆరు తరాల వాళ్ళకు పేరుపేరునా నమస్కారం పెట్టి సెలవు తీసుకున్నట్టు. ఎగ్జెక్ తర్వాతి లైనులో, కుదరకపోతే చచ్చిపో అని పిల్లకు చెప్పి ఉండాలట. కన్నబిడ్డకు అలాంటి మాట ఎట్లా రాస్తాం అనుకున్నాను గాని, రాశాను.

శుక్రవారం జరిగినదాన్ని క్లుప్తంగా చెప్పి తప్పించుకుంటాను. ఫోర్క్‌ను ఒక తప్పుడు బ్రాకెట్లో పెట్టాను. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. పది తిప్పులకు 1,024. ల్యాప్‌టాప్ వరిమిల్లులాగా అరిచింది. మౌసు కదల్లేదు. నేను బటన్ నొక్కి పట్టుకుని దాని గొంతు నులిమేశాను. అందులో పాప మూడు రోజులుగా టైపు చేసుకుంటున్న ల్యాబ్ రికార్డు సేవ్ చెయ్యకుండా ఉందట. పాప ఏమీ అనలేదు. ఆ ఏమీ అనకపోవడం నాకు రాత్రంతా వినిపించింది.

శనివారం సాయంత్రం అందర్నీ పిలిచాను. కుర్చీలు వేయించాను (నేను వెయ్యలేదు). సీడీ అని కొట్టాను. ఉన్న చోటినుంచి వేరే ఫోల్డర్లోకి పోయే ఆజ్ఞ అది. ఎక్కడున్నామో చూసుకోవడానికి పీడబ్ల్యూడీ కొట్టాలి. మా తరానికి ఆ మాట వింటే రోడ్లు, కల్వర్టులే గుర్తొస్తాయి గాని ఇక్కడ దాని పని ఉన్న చోటు చెప్పడం. కొట్టాను. పాత చోటే చూపించింది. మళ్ళీ సీడీ, మళ్ళీ పీడబ్ల్యూడీ. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. తప్పని చెప్పే ఒక్క మాట కూడా తెర మీద లేదు. అన్నీ సున్నాలే, అంతా సవ్యమే, నేను మాత్రం కదల్లేదు.

ఎనిమిదింటికి మొదలుపెట్టి పదకొండు దాకా కోడ్ వెతికాను. కుర్చీల్లో ఉన్నవాళ్ళు తిని పడుకున్నారు. ఆ తర్వాత తెలిసింది, ఇదే గతి రిచీకీ, థాంప్సన్‌కీ పట్టిందని. ఫోర్క్ పెట్టి సంబరపడుతుండగా వాళ్ళ సీడీ పని చెయ్యడం మానేసిందట. ఆ మహానుభావులు కూడా కోడంతా మళ్ళీ చదువుకుని, ఫోర్క్ దీన్నెట్లా చెడగొట్టిందా అని దిగులుపడ్డారట. యూనిక్స్ కట్టిన వాళ్ళూ నేనూ ఒకే గుంటలో పడ్డామంటే ఆ రాత్రి నాకు కలిగిన ఆనందం మా పెళ్ళిలో కూడా కలగలేదు. ఈ మాట పైకే అన్నట్టున్నాను.

"ఏమన్నారూ?" అంది మా ఆవిడ, మంచినీళ్ళకు లేచినావిడ.

పాప కూడా లేచింది. జాలి పడింది. "నాన్నా, సీడీ కొడితే నీ షెల్లు ఏం చేస్తాంది? ఒక పిల్లను కని పంపిస్తాంది. ఆ పిల్ల వేరే ఫోల్డర్లోకి పోతాది, పని అయింది గాబట్టి అక్కడే చచ్చిపోతాది. షెల్లు ఉన్నచోటే ఉంటాది. ప్రతి ప్రాసెస్‌కూ తన చోటు తనదే. తమ్ముణ్ణి ధర్మవరం పంపిస్తే తమ్ముడు ధర్మవరం పోతాడు గానీ, నువ్వు పోయినట్టా?"

చేతిలో చెంబు కిందపెట్టింది మా ఆవిడ. "ఏందమ్మా, ఇంకోసారి చెప్పు."

పాప ఇంకోసారి చెప్పింది.

"అంటే కొన్ని పనులకు పిల్లోళ్ళను పంపితే కాదు, ఆయప్పే లేచి పోవాల, అంతేనా?"

"అంతేమ్మా. వాటిని బిల్ట్-ఇన్ అంటారు."

మా ఆవిడకు కంప్యూటర్ శాస్త్రంలో ఆసక్తి కలగడం అదే మొదలు. "ఇంత మంచి చదువని తెలీక, నీ ఫీజుకు ఏడ్చినానే" అని పాప తల నిమిరింది. ఆ తర్వాత నా వైపు తిరిగింది. ఏమీ అనకుండా గోడ గడియారం చూసింది. పొద్దుటి రైలుకు ఇంకా ఆరు గంటలుంది.

ఆదివారం రైలెక్కాను. కిటికీ దగ్గర సీటు. నా షెల్లులో సీడీని షెల్లు చేతనే చేయించే నాలుగు లైన్లు ఎక్కడ రాయాలో ఆలోచించుకుంటూ ఉన్నాను. రైలు ఆగింది. సంచి తీసుకుని దిగి, జనంతోపాటు నడిచి, టీ కొట్టు దగ్గరికి పోయి, రోజూ తాగే టీ తాగి, ఆఫీసు వైపు తిరిగాను. అప్పుడు గాని వెలగలేదు, దిగింది పెనుకొండలో అని. వెనక్కి చూస్తే రైలు ధర్మవరం వైపు పోతూ ఉంది. పందొమ్మిదేళ్ళుగా ఈ స్టేషన్ రాగానే నా కాళ్ళు వాటంతట అవే దిగుతాయి. నేను లోపలున్నానో లేదో అవి చూసుకోవు.

మా ఆఫీసు అటెండరు ఎదురొచ్చాడు. "ఆదివారం గూడా డ్యూటీనా సార్?" అని చేతులు జోడించాడు. ఆ గౌరవం పాడు చెయ్యడం ఇష్టం లేక, "కొంచెం పెండింగ్ ఉంది" అన్నాను. అబద్ధమేం కాదు.

బస్సు కోసం నిలబడి కొండమీది కోట వైపు చూశాను. 1565లో తళ్ళికోట యుద్ధంలో ఓడిపోయాక విజయనగర తిరుమలరాయలు ఖజానా కట్టుకుని వచ్చి రాజధానిని ఇక్కడికి మార్చుకున్నాడు. అంతటి రాజ్యం ఏలినాయన, కింద ఎంతమంది సామంతులు, పోయి చూసి రమ్మనడానికి ఎంతమంది దూతలు! అయినా తనే లేచి వచ్చాడు. రోజూ ఈ కొండ కింద టీ తాగుతూ పందొమ్మిదేళ్ళు దాన్ని కొండ అనే అనుకున్నాను.

ధర్మవరంలో అత్తగారు తలుపు తీసి, నన్ను చూసి, నా వెనక్కి చూశారు. "ఎవరొచ్చినారు నాయినా?"

"నేనే వచ్చినానత్తా."

"అదే, నీతో ఎవరొచ్చినారని."

ఎవరూ లేరని నమ్మడానికి ఆవిడకు కొంతసేపు పట్టింది. ఉగ్గాని పెట్టారు. తిని మగ్గం దగ్గరికి పోయాను.

గుంటలో కాళ్ళు పెట్టుకుని కూచుని నేస్తున్నాడాయన. నెత్తిమీద జకార్డు, దానికి చిల్లులు పొడిచిన అట్టలు దండకట్టి వేలాడుతున్నాయి. 1804లో ఫ్రాన్స్‌లో వచ్చిన యంత్రం. ఎక్కడ చిల్లు ఉంటే అక్కడి పడుగు పోగులు లేస్తాయి, వాటి సందున నాడె దూరుతుంది. కంప్యూటర్లకు తాత అని పుస్తకాల్లో రాస్తారు. తాతను చూసి నేను మనవడి సంగతి ఎత్తబోయాను. ఆయనకు తీరిక లేదు. ఆయన చేతులు, కాళ్ళు, కళ్ళు అన్నీ పనిలో ఉన్నాయి. ఎవర్నీ ఎక్కడికీ పంపడం లేదు.

నాలుగు చీరలు నా ముందు పరిచాడు. "ఏది తెమ్మనిందప్పా మా ఆడబిడ్డ?"

అక్కడ నాకు చెమట పట్టింది. ఎగ్జెక్ పిలిచేటప్పుడు ప్రోగ్రాం పేరుతోపాటు దాని వెనక ఒక వరసలో వివరాలు పంపాలి. వరసలో మొదటిది దాని పేరే. తర్వాతవి, ఏ ఫైలు, ఎట్లా చెయ్యాలి వగైరా. చివర్న ఒక నల్ పెట్టి ఇంతటితో సరి అనాలి. నేను నా పేరు ఒక్కటే మోసుకొచ్చాను. ఆ వెనక అంతా నల్. మూడుసార్లు ఊఁ కొట్టిన చీర నాలుగు రంగుల్లో నా వైపు చూస్తోంది.

ఫోను చేశాను.

"తీసుకున్నారా?"

"చూస్తాండా... నువ్వు చెప్పినది ఆ... ఏదీ, ఆ రంగు..."

అవతల నిశ్శబ్దం. తర్వాత, "మీరు ఆడనే కూచోండి. చిన్నోణ్ణి పంపిస్తాండా."

మగ్గం పక్కన అరుగు మీద కూచున్నాను. కాళ్ళు చాపుకోలేదు. మధ్యాహ్నం దాకా నాడె ఇటూ అటూ పోవడం చూశాను. ఆయన రెండుసార్లు టీ తెప్పించాడు. మూడోసారి నేనే పోయి తెచ్చాను, సగం ఒలకబోసుకుంటూ.

రెండు గంటల వేళ మావాడు వచ్చాడు, భుజాన అదే బడి సంచి. నాలుగుగా మడిచిన ఒక కాగితం తీసి మగ్గమాయనకే ఇచ్చాడు, నాకు కాదు. మా ఆవిడ చేతిరాత. ఆకుపచ్చ. ఎర్రంచు. కొంగు మీద నెమళ్ళు, పూలు కాదు. కింద గీత గీసి, అంతే, అని రాసింది. ఆయన క్షణంలో ఆ చీర తీసి మడత పెట్టాడు.

కాగితం తిరగేశాను. ఇంట్లో ఇంకే కాగితం దొరకలేదో, కావాలనే దీని మీద రాసిందో నేను ఇప్పటికీ అడగలేదు. అటు వైపు హిందీ డిక్టేషను పరీక్ష. సెలవులకు ముందుది. ఎర్ర సిరాతో పదికి సున్నా. కింద, తల్లి లేక తండ్రి సంతకం అన్న చోట ఖాళీ.

మావాడు నా ముఖం చూస్తూ నిలబడ్డాడు.

"ఎన్ని రోజులైందిరా?"

"మూడు వారాలు నాయినా. రోజూ చూపిద్దామనే సంచి తగిలించుకుంటాండా."

సున్నా. యూనిక్స్ లెక్కలో ఏ లోటూ లేకుండా పని ముగిసినట్టు. మా ఆవిడ లెక్క వేరేగా ఉంటుందని తెలుసు. అయినా మగ్గమాయన చొక్కా జేబులోంచి పెన్ను అడిగి తీసుకున్నాను. నేనే లేచి పోయి.